మఫిన్లు మర్నాటికే ఎందుకు జిగురవుతున్నాయి?

ప్రశ్న: పిల్లల కోసం అరటిపండు మఫిన్లు చేసి స్టీలు డబ్బాలో పెడుతున్నాను. మర్నాటికి పైభాగం జిగురుగా, మూడోరోజుకి బూజు. ఫ్రిజ్‌లో పెడితే గట్టిపడుతున్నాయి. ఏం చేయాలి? – ఒక గృహిణి, విజయవాడ

జవాబు: వేడి మీదే మూత పెడుతున్నారేమో చూడండమ్మా. నేనూ మొదట్లో అలాగే చేసేదాన్ని. మూత తీస్తే లోపలంతా నీటిబొట్లు! ఆ తడే జిగురుకీ బూజుకీ కారణం. ట్రేలోంచి తీసి, జల్లెడ బోర్లించి దాని మీద గంటసేపు ఆరనివ్వండి. అడుగు పట్టుకుంటే చల్లగా తగలాలి. డబ్బాలో కిందా పైనా టిష్యూ వేయండి. మన ఎండలకు బయట ఒక్కరోజే ఉంచండి. ఫ్రిజ్ చలికి పిండి పదార్థం త్వరగా బిరుసెక్కుతుంది. మిగిలినవి విడివిడిగా చుట్టి ఫ్రీజర్‌లో పెడితే రెండు నెలలు బాగుంటాయి. తినేముందు 150 డిగ్రీల ఓవెన్‌లో పది, పదిహేను నిమిషాలు వేడిచేయండి, మళ్లీ మెత్తబడతాయి.