మా అమ్మాయి సోషల్ ఎంటర్‌ప్రైజ్ పెడతానంటోంది, ఒప్పుకోవాలా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. ఉద్యోగం ఊసెత్తితే సోషల్ ఎంట్రప్రెన్యూర్ అవుతానంటోంది. ఇద్దరు స్నేహితులతో కలిసి మా చుట్టుపక్కల ఇళ్ల నుంచి తడి చెత్త సేకరించి, ఎరువు చేసి అమ్మే పని మొదలుపెట్టింది. మొదట్లో అందరూ మెచ్చుకున్నారు. ఇప్పుడు చెత్త వేరు చేసి ఇచ్చే ఇళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. జనానికి బాధ్యత లేదని తను టెన్షన్ పడుతోంది. ఇది సేవా, వ్యాపారమా? దీని మీద బతకొచ్చా? మేం సరే అనాలా, వద్దనాలా?
– ఒక తండ్రి

జవాబు: వద్దనకండి. అలాగని ఇదే తన జీవితమని ఇప్పుడే ఖాయం చేసుకోకండి. ఆ నిర్ణయానికి ముందు మీ అమ్మాయి తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి, మీరు చేయాల్సినవీ ఉన్నాయి.

సేవా, వ్యాపారమా అన్నారు. రెండూ. ఒక సామాజిక సమస్యను తగ్గించడానికే పుట్టి, తన ఖర్చుల్లో ఎక్కువ భాగం తానే సంపాదించుకునే సంస్థను సోషల్ ఎంటర్‌ప్రైజ్ అంటున్నారు. డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి 1976లో మధురైలో 11 పడకలతో మొదలుపెట్టిన అరవింద్ కంటి ఆసుపత్రి సంగతి చూడండి. ఫీజు కట్టగలిగినవాళ్ల నుంచి వచ్చే డబ్బుతోనే కట్టలేనివాళ్లకు ఉచితంగానో, నామమాత్రపు ఖర్చుతోనో ఆపరేషన్లు చేస్తారు. కంట్లో అమర్చే లెన్సులను దిగుమతి చేసుకుంటూ పోతే ఈ లెక్క నిలబడదని, వాటిని చౌకగా తయారు చేయడానికి 1992లో ఆరోల్యాబ్ పెట్టుకున్నారు. అక్కడి డాక్టర్లు, నర్సులు, అకౌంటెంట్లు అందరూ జీతాలు తీసుకుంటారు. కాబట్టి బతకొచ్చు. ఎంత బాగా బతకొచ్చన్నది మాత్రం లెక్క ఎంత గట్టిగా వేసుకున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది.

ఇక జనానికి బాధ్యత లేదన్న మాట. ఈ రంగంలోకి వచ్చే కుర్రాళ్లలో ఎక్కువమంది దగ్గర ఇదే వింటుంటాను, దీంతోనే నాకు పేచీ. అరవింద్‌కీ మొదట్లో ఇదే ఎదురైంది. శిబిరాల్లో పరీక్ష చేసి ఆపరేషన్ కావాలని చెప్పినా చాలామంది ఆసుపత్రికి రాలేదు. ఉచితమే కదా, ఎందుకు రారు? కనుక్కుంటే తెలిసింది: బస్సు ఛార్జీలు, భోజనం ఖర్చు, తోడు వచ్చేవాళ్ల కూలి పోవడం, వీటన్నిటి పైన భయం. అప్పటి నుంచి శిబిరం నుంచే బస్సులో అందరినీ కలిపి తీసుకెళ్లడం, భోజనం పెట్టడం, తిరిగి దింపడం మొదలుపెట్టారు. శిబిరం పెట్టే చోటు చూసుకోవడం, ప్రచారం చేయడం, ఖర్చులు భరించడం స్థానిక సంఘాలు, వ్యాపారులు తలకెత్తుకున్నారు. పల్లెల నుంచి వచ్చిన అమ్మాయిలకే శిక్షణ ఇచ్చి కంటి వైద్య సహాయకులుగా తీసుకున్నారు. సమాజం పాలుపంచుకోవడం అంటే ఇదీ. పోస్టరు చూసి చప్పట్లు కొట్టడాన్ని నేను అందులో లెక్కవేయను.

మీ అమ్మాయి పని సంగతికి వస్తాను. ఇళ్లవాళ్లను అడగడానికి ముందే అడగాల్సినవాళ్లు ఒకరున్నారు. ఆ ఇళ్ల చెత్త ఇప్పటిదాకా ఎవరు తీసుకెళ్తున్నారు? ప్లాస్టిక్కు, అట్టలు ఏరి అమ్ముకుని ఎవరు బతుకుతున్నారు? ఏ ఇల్లు ఎన్నింటికి చెత్త బయటపెడుతుందో, ఎవరు వేరు చేస్తారో, ఎవరు చేయరో వాళ్లకు తెలిసినంతగా ఏ సర్వేకీ తెలియదు. ఇంకో మాట కూడా ఉంది. వాళ్లను పక్కనపెట్టి మొదలయ్యే చెత్త ప్రాజెక్టు వాళ్ల పొట్ట కొట్టే ప్రమాదం ఉంది, ఎంత మంచి ఉద్దేశంతో పెట్టినా సరే.

పుణెలో ఈ పని చెత్త ఏరుకునేవాళ్ల వైపు నుంచే మొదలైంది. అక్కడ చెత్త ఏరుకునేవాళ్లు 1993లో యూనియన్‌గా ఏర్పడ్డారు. ఆ యూనియన్ నుంచే స్వచ్ఛ్ అనే సహకార సంఘం పుట్టి, 2008లో నగరపాలక సంస్థతో ఒప్పందం చేసుకుంది. ఇంటింటికీ వెళ్లి చెత్త సేకరించేవాళ్లే ఆ సంఘంలో సభ్యులు, యజమానులు. ఇళ్లవాళ్లు నెలనెలా కొంత రుసుము కడతారు. పనికొచ్చే సామాను అమ్ముకునే హక్కు సేకరించేవాళ్లదే. ఇక్కడ సమాజం రెండు వైపులా ఉందని గమనించండి: రుసుము కట్టి వేరు చేసిన చెత్త ఇచ్చేవాళ్లు ఒకవైపు, సంస్థను నడిపేవాళ్లు మరోవైపు. మీ అమ్మాయి, స్నేహితులు మొత్తం బరువు తామే మోయాలని చూస్తున్నట్టున్నారు. ముగ్గురు మోసేది ఎన్నాళ్లో సాగదు.

లెక్క గురించి ఒక చేదు నిజం. ఇళ్ల తడి చెత్తలో ఎక్కువ భాగం నీళ్లే. అది కుళ్లి ఎరువయ్యేసరికి బరువు బాగా పడిపోతుంది. ఆ కాస్త ఎరువు అమ్మితే వచ్చేది సేకరణ, రవాణా, కూలి ఖర్చులకు సాధారణంగా చాలదు. ఈ పనికి నిజమైన ఆధారం చెత్త తీసుకెళ్లినందుకు వచ్చే రుసుము. కాబట్టి మీ అమ్మాయి అడగాల్సిన ప్రశ్న 'మా ఎరువు కొంటారా' అని కాదు, 'మీ చెత్త రోజూ వేళకు, వాసన లేకుండా వెళ్లిపోతే నెలకు ఎంత ఇస్తారు' అని. కొందరు పైసా కూడా ఇవ్వమంటారు. అది తెలుసుకోవడమూ లాభమే. మెచ్చుకునేవాళ్లెవరో, కొనేవాళ్లెవరో అప్పుడు తేలిపోతుంది.

అడగకుండా చేసే మంచి ఎలా ముగుస్తుందో చెప్పడానికి ప్లేపంప్ కన్నా తేటైన ఉదాహరణ నాకు తెలియదు. పిల్లలు రంగులరాట్నం తిప్పి ఆడుకుంటుంటే భూగర్భజలం ట్యాంకులోకి ఎక్కే ఏర్పాటు అది. వినగానే ఎవరికైనా నచ్చుతుంది. దక్షిణాఫ్రికాలో మొదలైంది. 2006లో అమెరికాలో దాని విస్తరణకు భారీ నిధులు ప్రకటించారు. తీరా చూస్తే చాలా చోట్ల పిల్లలు ఆడుకోవడంతో నీళ్లు చాలలేదు, ఆడవాళ్లే వంగి రాట్నాన్ని తోయాల్సి వచ్చింది. పాడైతే బాగుచేసే దిక్కు లేదు. కొన్ని ఊళ్లలో పనిచేస్తున్న చేతిపంపులు తీసేసి మరీ దీన్ని పెట్టారు. ఆ ఊరి ఆడవాళ్లను ముందే అడిగి ఉంటే చేతిపంపే నయమని చెప్పేవాళ్లు. నాలుగైదేళ్లలోనే విస్తరణ ఆగిపోయింది.

వేగం మరో చిక్కు. చిన్న అప్పులతో పేదరికం తగ్గించాలన్న ఆలోచన బంగ్లాదేశ్‌లో ముహమ్మద్ యూనస్ 1976లో చేసిన చిన్న ప్రయత్నంతో మొదలై, 1983లో గ్రామీణ్ బ్యాంకు అయింది. ఆ బ్యాంకులో ఎక్కువ వాటా అప్పు తీసుకున్నవాళ్లదే. అదే ఆలోచనను కొన్ని కంపెనీలు ఎన్ని అప్పులిస్తే అంత గొప్ప అన్నట్టు పరుగెత్తించాయి. 2010లో ఆంధ్రప్రదేశ్‌లో వసూళ్ల వేధింపులు, ఆత్మహత్యల వార్తల మధ్య ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. 'ఈ ఏడాది ఎన్ని ఇళ్లు' అని మీ అమ్మాయిని ఎవరైనా అడిగితే, తనకు ముచ్చటేసినా సరే, నిరుడు చేరిన ఇళ్లలో ఇంకా ఎన్ని ఉన్నాయో ముందు చూసుకోమనండి.

చుట్టుపక్కల వాళ్లను ఎలా కలుపుకోవాలంటే, అందరినీ ఒకేలా పిలవకూడదు. ఎరువు గుంటకు కాస్త చోటు ఇవ్వగలవాళ్లు ఒకరుంటారు, లెక్కలు చూడగల రిటైర్డ్ ఉద్యోగి ఒకరుంటారు, మూడు నెలల రుసుము ముందే కట్టగలవాళ్లు ఇంకొకరుంటారు. గుంట పక్కింటివాళ్లను మాత్రం మర్చిపోవద్దు. వాసన వచ్చిన మొదటి రోజున ప్రాజెక్టును ఆపేది వాళ్లే. తడి చెత్తతో సమానంగా ఎండుటాకులు, రంపపు పొట్టు లాంటివి కలిపితే వాసన తగ్గుతుందని వాళ్ల ముందే చేసి చూపించాలి. నెలకోసారి జమాఖర్చులు అందరిముందూ చదవాలి. ఇందులో కొత్తేమీ లేదు. 1844లో ఇంగ్లండ్‌లోని రాచ్‌డేల్‌లో 28 మంది చందాలేసుకుని కల్తీలేని సరుకుల కొట్టు పెట్టినప్పుడు, ఎంత డబ్బు పెట్టినా మనిషికి ఒకే ఓటు అన్నారు, లాభాన్ని కొన్న సరుకును బట్టి పంచారు. సహకార సంఘాలు ఇప్పటికీ ఆ పద్ధతినే పట్టుకుని ఉన్నాయి.

కెరీర్ సంగతి. చదువు అయిపోగానే సొంత సంస్థ రిజిస్టర్ చేయడం నాకు అంతగా ఇష్టం లేదు. రెండు మూడేళ్లు ఇలాంటి పనే చేస్తున్న సంస్థలో జీతానికి చేరమనండి, వీలైతే ఆఫీసులో కాకుండా ఫీల్డులో. గుర్తింపు కార్డు మీద ఫౌండర్ అని లేకపోయినా ఈ రంగంలో పనికేమీ లోటు లేదు: ఫీల్డు కోఆర్డినేటర్లు, అకౌంట్లు, సరఫరా, శిక్షణ, ఫలితాల మదింపు. నిజానికి మంచి ఫౌండర్ల కన్నా జమాఖర్చులు సరిగ్గా రాయగలవాళ్లకే ఇక్కడ కరువు. పైచదువు అనుకుంటే సోషల్ వర్క్ మనుషులతో పనిచేయడం నేర్పుతుంది, రూరల్ మేనేజ్‌మెంట్ మనుషులూ మార్కెట్టూ రెండూ చూపిస్తుంది, మామూలు ఎంబీఏ డబ్బు లెక్క నేర్పుతుంది. తనకు ఏది తక్కువో అది ఎంచుకోవాలి, ఏది ఇష్టమో అది కాదు.

పోటీల బహుమతులు, ఫెలోషిప్‌ల మీద ఆశ పెట్టుకోవద్దు. సోషల్ ఎంట్రప్రెన్యూర్లకు ఫెలోషిప్‌లిచ్చే, బిల్ డ్రేటన్ 1980లో స్థాపించిన అశోకా లాంటి సంస్థలు ఇప్పటికే పని చేసి చూపించినవాళ్లనే ఎంచుకుంటాయి.

ఇప్పుడు నడుస్తున్న పనిని చదువు అయ్యేదాకా సాగనివ్వండి. అప్పటికి ఎన్ని ఇళ్లు రుసుము కడుతూ ఉండాలో, ఎంత మిగలాలో ఇప్పుడే తనతో కాగితం మీద రాయించండి. ఆ ఖర్చుల్లో ముగ్గురి శ్రమకూ విలువ కట్టాలి, లేకపోతే లెక్క అబద్ధం చెబుతుంది. మీ ఇంటి రుసుము మీరూ అందరిలాగే కట్టండి, తండ్రినని మినహాయింపు తీసుకోవద్దు, అందరికన్నా ఎక్కువా ఇవ్వొద్దు. ఆ అంకెలు అందుకుంటే ఆ అనుభవం మంచి సంస్థలో చేరడానికి తనకు అన్ని సర్టిఫికెట్ల కన్నా పనికొస్తుంది, అందుకోకపోయినా పనికొస్తుంది. ఇంటి మీద అప్పు తెచ్చి పెట్టుబడి పెట్టమంటే మాత్రం, ఎంత బతిమాలినా ఒప్పుకోకండి.