కష్టమైన ప్రశ్నే మంచి ప్రశ్నా?

ప్రశ్న: నేను ఒక వైద్య కళాశాలలో జనరల్ మెడిసిన్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. ఇంటర్నల్ పరీక్షలకు ఎంసీక్యూలు (ఇచ్చిన జవాబుల్లో సరైనదాన్ని గుర్తించే ప్రశ్నలు) తయారుచేసే బాధ్యత ఈ ఏడాది నాకు అప్పగించారు. ఎక్కువమంది తప్పు చేసిన ప్రశ్నే గట్టి ప్రశ్న అని మా విభాగంలో పెద్దలు అంటారు. పోయిన పరీక్షలో ఒక ప్రశ్నకు క్లాసులో ముందుండే పిల్లలే తప్పు జవాబు గుర్తించారు, వెనకబడినవాళ్లు సరిగ్గా గుర్తించారు. ప్రశ్న మంచిదో కాదో తేల్చే పద్ధతి ఏదైనా ఉందా?
– ఒక అధ్యాపకురాలు, వరంగల్

జవాబు: మీ పెద్దల మాటకు జవాబు మీరు చూసిన ఆ ప్రశ్నలోనే ఉందమ్మా. ఎంతమంది తప్పు చేశారన్నది ప్రశ్న కష్టాన్ని మాత్రమే తెలుపుతుంది. దాని నాణ్యత తెలియాలంటే తప్పు చేసినవాళ్లు ఎవరో చూడాలి.

పరీక్ష తర్వాత చేసే ఈ పరిశీలనను ఐటెమ్ ఎనాలిసిస్ అంటారు. 150 మంది పరీక్ష రాశారనుకోండి. మొత్తం మార్కుల ప్రకారం వాళ్లను వరుసలో పెట్టి, పైనుంచి 27 శాతం, కిందినుంచి 27 శాతం, అంటే చెరొక 40 మందిని తీసుకోండి. ఈ 27 శాతం హద్దును 1939లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ట్రూమన్ కెల్లీ సూచించారు. ఒక ప్రశ్నకు పై జట్టులో 30 మంది, కింది జట్టులో 12 మంది సరిగ్గా గుర్తించారనుకుంటే, 80 మందిలో 42 మంది, అంటే 52.5 శాతం. ఇది డిఫికల్టీ ఇండెక్స్; పేరు ఎలా ఉన్నా, ఈ అంకె పెరిగేకొద్దీ ప్రశ్న తేలికని అర్థం. రెండు జట్ల తేడా అయిన 18ని 40తో భాగిస్తే వచ్చే 0.45 డిస్క్రిమినేషన్ ఇండెక్స్, అంటే బాగా చదివినవాళ్లను, చదవనివాళ్లను ప్రశ్న ఎంతగా వేరుచేసిందో చెప్పే అంకె. ఇది 0.4 దాటితే ప్రశ్న బాగా పనిచేసిందని, 0.2 కన్నా తగ్గితే ప్రశ్నను తిరిగి చూడాలని సాధారణంగా భావిస్తారు.

మీరు చెప్పిన ప్రశ్నకు ఈ లెక్క వేస్తే అంకె సున్నా కన్నా కిందికి పోతుంది. అలాంటప్పుడు ముందుగా కీ, అంటే సరైన జవాబుల పట్టిక, సరిచూడండి. కీ సరైనదే అయితే, రెండు జవాబులు ఒప్పయ్యే అవకాశం ఉందేమో చూడండి. బాగా చదివిన విద్యార్థి మీకు తోచని మినహాయింపు ఒకటి గుర్తుచేసుకుని వేరే జవాబు ఎంచుకుని ఉండవచ్చు. పై జట్టులోని ఇద్దరు ముగ్గురిని పిలిచి, ఆ జవాబు ఎందుకు గుర్తించారో నెమ్మదిగా అడగండి. లోపం ఎక్కడుందో అంకెల కన్నా స్పష్టంగా వాళ్లే చెబుతారు. ప్రశ్నలోనే తప్పుంటే మార్కులు సవరించండి. మన పొరపాటుకు చదివిన పిల్లలు నష్టపోకూడదు.

అలాగని అంకెలకే తీర్పు వదిలేయకండి. అనఫిలాక్సిస్‌లో (ప్రాణాపాయం కలిగించే తీవ్రమైన అలర్జీలో) మొదట ఇవ్వవలసిన మందేమిటని అడిగితే దాదాపు అందరూ అడ్రినలిన్ అని గుర్తించవచ్చు, అప్పుడు డిస్క్రిమినేషన్ సున్నా దగ్గరే ఉంటుంది. అయినా ఆ ప్రశ్న ఉండాలి, ఎందుకంటే ఆ సంగతి తెలియని డాక్టరు ఒక్కరు కూడా బయటికి రాకూడదు.

తప్పు జవాబులను కూడా పరిశీలించండి. ఆప్షన్లలో పెట్టే తప్పు జవాబును డిస్ట్రాక్టర్ అంటారు; 5 శాతం కన్నా తక్కువమంది ఎంచుకున్న డిస్ట్రాక్టర్ పనిచేయలేదని లెక్క. 'డెంగీ గురించి కింది వాటిలో సరైనది ఏది?' అని అడిగితే సంబంధం లేని నాలుగు వాక్యాలు పేర్చవలసి వస్తుంది. దాని బదులు ఒక రోగిని ముందుంచండి: ఐదో రోజు జ్వరం తగ్గింది, కానీ కడుపునొప్పి, ఆగని వాంతులు ఉన్నాయి, హెమటోక్రిట్ (రక్తంలో ఎర్ర కణాల శాతం) పెరుగుతోంది, ప్లేట్‌లెట్లు 40 వేలు, రక్తస్రావం లేదు, ఇప్పుడు మొదట ఏం చేయాలి? సరైన జవాబు నరం ద్వారా సెలైన్ ఎక్కిస్తూ కనిపెట్టుకుని ఉండడం. 'ప్లేట్‌లెట్లు ఎక్కించడం' అన్న తప్పు జవాబు ఇక్కడ నిజంగా పనిచేస్తుంది, ఎందుకంటే మన ఊళ్లలో రోగి బంధువులంతా ముందు అడిగేది ప్లేట్‌లెట్ల సంఖ్యనే, ఆ ఒత్తిడి హౌస్ సర్జన్ల మీదా పడుతుంది. ఆప్షన్లను చేత్తో మూసి ప్రశ్న మాత్రమే చదివినా జవాబు తట్టేలా ఉంటే, ప్రశ్న కుదిరినట్లే.

ప్రశ్న: ఇవన్నీ బిట్లకు, అంటే ఎంసీక్యూలకు, సరే. థియరీ పేపర్లోని పెద్ద ప్రశ్నల నాణ్యతను ఎలా చూడాలి?
– ఒక ప్రొఫెసర్, కర్నూలు

జవాబు: 'మలేరియా గురించి వ్రాయుము' అన్న ప్రశ్నకు ఒకే జవాబు పత్రాన్ని ఇద్దరు ఎగ్జామినర్లు దిద్దితే మార్కుల్లో పెద్ద తేడా రావచ్చు, ఎందుకంటే ఏది రాస్తే ఎన్ని మార్కులో అందులో ఎక్కడా లేదు. పాడేరు ఏజెన్సీ నుంచి జ్వరం, మగతతో వచ్చిన ఫాల్సిపేరమ్ మలేరియా రోగిని వర్ణించి, తీవ్రతను సూచించే లక్షణాలకు 3, నిర్ధారణ పరీక్షలకు 2, ఆర్టిసునేట్ ఇంజెక్షన్‌తో మొదలయ్యే చికిత్సకు 5 అని మార్కులు విడదీసి అడగండి. నమూనా జవాబును కూడా ప్రశ్నతో పాటే సిద్ధం చేసుకోండి. ఆ తర్వాత ప్రశ్నను మాత్రమే సహోద్యోగి ఒకరికి ఇచ్చి జవాబు రాయించండి. ఆయన రాసింది మీ నమూనాకు దూరంగా ఉంటే, పేపరు ప్రెస్సుకు వెళ్లకముందే ప్రశ్నను మార్చండి.