గూడ రెండోసారి జారింది, తనే ఎక్కించుకున్నాడు. ఆపరేషన్ అవసరమా?

మీ ప్రశ్న: మద్రాసు పెరంబూరులో ఉంటాం. మా తమ్ముడికి 19 ఏళ్లు. ఆరు నెలల కిందట వాలీబాల్ ఆడుతుంటే కుడి గూడ (భుజం కీలు) జారింది. మొన్న మళ్లీ జారితే ఆసుపత్రికి రాకుండా తనే ఎక్కించుకున్నాడు. నొప్పి లేదు, ఆపరేషన్ ఎందుకంటున్నాడు. తుంటిదీ బంతి గిన్నె కీలే కదా, అది జారదు, ఇదెందుకు జారుతోంది?

నాదీ కుడి గూడే. మూడుసార్లు జారింది, ఆ తర్వాత ఆపరేషన్ అయింది. "నొప్పి లేదు" అని మీ తమ్ముడు అన్నాడని చదవగానే మనసు ఆగలేదు. రెండోసారి జారినప్పుడు మా అమ్మతో నేనూ సరిగ్గా అదే మాట అన్నాను.

మొదటిది 2012లో. నాకప్పుడు 21. అంబత్తూరులో ఉద్యోగం. పొద్దున బస్సులో పై రాడ్డు పట్టుకుని నిలబడ్డాను. పాడి దగ్గర డ్రైవరు గట్టిగా బ్రేకు వేశాడు. ఒళ్లంతా ముందుకు పోయింది, చెయ్యి మాత్రం వెనక రాడ్డు మీదే ఉండిపోయింది. ఏదో మెత్తగా ఊడినట్టయింది. చెయ్యి ఎత్తలేను, దించలేను. ఎడంచేత్తో తడుముకుంటే, ఎప్పుడూ గుండ్రంగా ఉండే భుజం పక్కన గుంట. కాలర్ బోన్ కింద, చంక ముందువైపు, నిమ్మకాయ కంటే పెద్ద గట్టి ముద్ద. అది నా జబ్బ ఎముక తలకాయ! బస్సులో ఒక పెద్దాయన "నేను ఎక్కిస్తా" అంటూ మణికట్టు పట్టి లాగాడు. మంచి మనసుతోనే చేశాడు, కానీ నా కళ్లు బైర్లు కమ్మాయి.

ఆసుపత్రిలో డాక్టరుగారు ముందు కీలు జోలికే పోలేదు. దూది తీసుకుని భుజం కింద బయటివైపు తాకించి "తెలుస్తోందా తంబీ?" అన్నారు. అరచెయ్యంత మేర నాకేమీ తెలియలేదు. చంకలోంచి చుట్టి వెళ్లే నరం నలిగితే అక్కడ మొద్దుబారుతుందట. అది ఎముక జారడం వల్ల నలిగిందో, లాగడం వల్ల నలిగిందో ఎవరూ చెప్పలేరన్నారు. మూడు నెలలకు గానీ స్పర్శ పూర్తిగా రాలేదు. ఎక్కడన్నా విరిగిందేమోనని ఎక్స్‌రే తీశాకే నన్ను బల్ల మీద బోర్లా పడుకోబెట్టారు. చెయ్యి కిందికి వేలాడదీసి మణికట్టుకి బరువు కట్టారు. ఇరవై నిమిషాలకి కండరాలు అలిసి వదులయ్యాయి. టక్కుమని తనంతట తానే లోపలికి పోయింది. లాగడం, తొక్కడం ఏమీ లేదు.

ఇక తుంటి సంగతి. పేరుకి రెండూ బంతి గిన్నె కీళ్లే, కట్టుబడి మాత్రం వేరు. తుంటి గిన్నె లోతైనది. తొడ ఎముక తల సగం దాకా అందులో దిగి కూర్చుంటుంది. ఆ గిన్నె కూడా పుట్టుకతో ఒకే ఎముక కాదు, మూడు ఎముకలు పదిహేనేళ్ల ఈడులో అతుక్కుని ఒక్కటవుతాయి. ముందువైపు దాన్ని బిగించే లిగమెంటు, అంటే ఎముకని ఎముకకి కట్టే పట్టీ, మన ఒంట్లోని అలాంటి పట్టీలన్నిటికెల్లా గట్టిది. నిలబడ్డా, నడిచినా ఒంటి బరువు మోయాలి కాబట్టి అంత బందోబస్తు. మామూలు తుంటి ఊడాలంటే కారు గుద్దుకుని మోకాలు డాష్‌బోర్డుకి కొట్టుకునేంత దెబ్బ తగలాలి.

భుజం గిన్నె దాని ముందు సాసర్ లాంటిది. జబ్బ ఎముక తలలో ఏ సమయంలోనైనా మూడో వంతో, అంతకన్నా తక్కువో దానికి ఆనుతుంది, అంతే. గిన్నె చుట్టూ మెత్తటి మృదులాస్థి అంచు ఒకటి గట్టులా ఉండి కాస్త లోతు పెంచుతుంది. ఆపైన నాలుగు చిన్న కండరాలు నాలుగు వైపుల నుంచీ బంతిని గిన్నెకేసి అదిమి పెడతాయి. పాఠం పుస్తకంలో ఉరోమేఖల అని, అంటే చేతిని మొండేనికి తగిలించే కాలర్ బోన్, రెక్క ఎముకల జత గురించి, చదువుకున్నది గుర్తుందా? అందులో మొండేనికి ఎముకతో ఎముక కలిసే చోటు ఒక్కటే, రొమ్ము ఎముక దగ్గర కాలర్ బోన్ కీలు. వెనకున్న రెక్క ఎముకకి పక్కటెముకలతో కీలే లేదు, కండరాల మీద తేలుతూ ఉంటుంది. రెక్కాడితేగానీ డొక్కాడదంటాం కదా, ఆ రెక్క ఆడాలంటే ఇంత వదులూ ఉండాల్సిందే. వీపు గోక్కోవడం, అటక మీది డబ్బా అందుకోవడం, బంతిని స్మాష్ కొట్టడం, అన్నీ ఆ వదులు వల్లే.

ఇంట్లోనే చూడండి. మీ తమ్ముణ్ణి అటు తిరగమని, జారని ఎడమవైపు రెక్క ఎముక కింది కొసన వేలు పెట్టి, ఆ చెయ్యి పక్కనుంచి నెమ్మదిగా పైకెత్తమనండి. మొదట వేలు దాదాపు కదలదు. తర్వాత ఆ కొస చంకవైపు జరుగుతూ పోతుంది. చెయ్యి నిట్టనిలువుగా లేచేసరికి తిరిగిన 180 డిగ్రీల్లో సుమారు 120 బంతి గిన్నె కీలువి, 60 రెక్క ఎముకవి. నాకిది చూపించింది ఫిజియోథెరపీ చేసిన నెల్లూరు అమ్మాయి. భుజానికి వ్యాయామం అంటే వీపుకి చేయిస్తుందేమిటా అనుకునేవాణ్ణి, వేలు పెట్టి చూశాక అర్థమైంది.

అసలు భయం ఇక్కడుంది. కుర్రవయసులో గూడ ముందుకి జారినప్పుడు ఆ మృదులాస్థి గట్టు చాలాసార్లు ఎముక నుంచి ఊడిపోతుంది. 1923లో బ్యాంకార్ట్ అనే బ్రిటిష్ సర్జన్ దీని గురించి రాశాడు, ఇప్పటికీ ఆయన పేరే. ఊడిన గట్టు తనంతట తాను సరైన చోట అతుక్కోవడం కష్టం. దానికి తోడు జారిన ప్రతిసారీ బంతి వెనకభాగం గిన్నె అంచుకి గుద్దుకుని సొట్టపడుతుంది, గిన్నె అంచు కూడా అరుగుతుంది. మీ తమ్ముడికి రెండోసారి సులువుగా ఎక్కిందంటే నయమైందని సంతోషించకండి, గట్టు తెగి దారి పడిందేమోనని అనుమానించండి. ఇరవై లోపువాళ్లకి ఒకసారి జారితే మళ్లీ జారే అవకాశం చాలా ఎక్కువ.

మా మామయ్య నన్ను పుత్తూరు కట్టుకి, అంటే ఎముకలకి కట్టే నాటువైద్యం కట్టుకి, తీసుకెళ్దామన్నాడు. మాది నగరి పక్క పల్లె, మా ఇళ్లల్లో ఎముక అనగానే అదే గుర్తొస్తుంది. మద్రాసులో వీధివీధికీ ఆ బోర్డులు మీరూ చూసుంటారు. మా అవ్వకి మణికట్టు విరిగితే ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన రాసి వెదురుబద్దలతో కట్టారు, అతుక్కుంది. నాకా కట్టు మీద చులకన లేదు. కానీ ఊడిన గట్టుని పైనుంచి ఏ కట్టూ తిరిగి కుట్టలేదు.

నేను చేసిన తప్పు చెబుతాను. డాక్టరు మూడు వారాలు స్లింగ్ వేసుకోమంటే వారానికే తీసేశాను. వ్యాయామం అసలు చేయలేదు. ఏడాది తిరక్కుండా చొక్కా వేసుకుంటుంటే జారింది. మూడోదాని తర్వాత ఎంఆర్ఐలో గట్టు ఊడినట్టు, బంతికి సొట్ట పడినట్టు తేలింది. చిన్న రంధ్రాల్లోంచి చేసే కీహోల్ ఆపరేషన్ చేసి, ఎముకలో దిగే మూడు చిన్న మేకుల్లాంటి యాంకర్లతో గట్టుని మళ్లీ అంచుకి కట్టారు. ఆరు వారాలు స్లింగ్, తర్వాత ఐదు నెలలు ఫిజియో. గిన్నె అంచు ఇంకా అరిగి ఉంటే పక్కనున్న ఎముక ముక్క కోసి తెచ్చి స్క్రూలతో బిగించే పెద్ద ఆపరేషన్ కావాల్సొచ్చేదన్నారు.

అందరికీ ఆపరేషన్ కావాలని నేననను, అది ఎంఆర్ఐ చూసి డాక్టరు తేల్చాల్సిన మాట. కానీ 19 ఏళ్ల వాలీబాల్ కుర్రాడు, రెండుసార్లు జారింది, ఈ మూడూ కలిశాక చూపించకుండా ఉండటం నాకు ససేమిరా ఒప్పదు. ఖర్చుకి వెనకాడుతుంటే పెరంబూరుకి స్టాన్లీ ప్రభుత్వాసుపత్రి దగ్గరే, అక్కడ ఎముకల విభాగం ఉంది. పాత ఎక్స్‌రేలుంటే పట్టుకెళ్లండి. భుజం కింద బయటివైపు మొద్దుబారినతనం ఉందేమో దూదితో మీరే ఒకసారి తాకించి చూసి, ఉంటే అది ముందే చెప్పండి.

అప్పటిదాకా ఆట మాన్పించండి. మళ్లీ జారితే చెయ్యి ఎలా ఉంటే అలాగే ఒక దిండుకి ఆనించి, తువ్వాలుతో కట్టి తీసుకెళ్లండి, తనని ఎక్కించుకోనివ్వొద్దు. రాత్రి చెయ్యి తల కింద పెట్టుకుని పడుకుంటాడేమో చూడండి, నాకు మూడోసారి జారింది నిద్రలో అలాగే.