సిరికి, మీటింగ్‌కి వెళ్ళే ముందు

చి. సిరికి, పెద్దనాన్న ఆశీస్సులు.

మీ యూనివర్సిటీ అథ్లెటిక్స్ కమిటీకి, అంటే ఆటల వ్యవహారాలన్నీ చూసే కమిటీకి, విద్యార్థుల తరఫున నువ్వు ఎన్నికయ్యావని మీ నాన్న ఆదివారం ఫోన్ చేసి చెప్పాడు. మీ పెద్దమ్మ ఫోన్ పెట్టీ పెట్టగానే దేవుడి దగ్గర దీపం వెలిగించింది. నేను ఆ సాయంత్రమే ముగ్గురికి ఫోన్ చేసి, మా తమ్ముడి కూతురని చెప్పుకున్నాను. మీ తాతయ్య ఉండుంటే తెనాలి అంతా తిరిగి చెప్పేవాడు.

సోమవారం మీ నాన్న వాట్సాప్‌లో ఇంకొకటి పంపాడు. నువ్వు రాసిన తీర్మానం. అమ్మాయిల బాస్కెట్‌బాల్ కోచ్‌ని ఈ సీజన్ అయిపోగానే తీసెయ్యాలని, దాని కింద 1,100 సంతకాలు. అది చదివాక నాకు నిద్ర పట్టలేదు. బాగా రాశావు, అందుకే ఇంకా భయం వేసింది. ఇంగ్లీషులో మెయిల్ పెడితే నా మనసు నీకు పూర్తిగా చేరదని తెలుగులో రాస్తున్నాను. మీ నానమ్మ నేర్పిన చదువు, నెమ్మదిగా అయినా చివరిదాకా చదువు.

తేలికవి ముందు చెప్పేస్తాను. కాగితాలన్నీ చదువుకుని వెళ్ళు. కాంట్రాక్టు మధ్యలో తీసేస్తే ఎంత కట్టాల్సి వస్తుందో ఆ పేజీ కూడా చూడు. మొదటి మీటింగ్‌లో తక్కువ మాట్లాడు. ఇవి నీకు నేను చెప్పక్కర్లేదు.

చెప్పాల్సింది వేరే ఉంది. మీ నాన్నకి కూడా ఇది పూర్తిగా తెలియదు.

1991లో నేను ఇండియానాలో ఒక చిన్న కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ణి. ఆ రాష్ట్రంలో బాస్కెట్‌బాల్ అంటే మనకి క్రికెట్ లాంటిది. పశువుల కొట్టాల గోడలకి కూడా రింగులు బిగించి ఉంటాయి. అధ్యాపకుల తరఫున నన్ను అథ్లెటిక్స్ కమిటీలో వేశారు. ఊరు మొత్తానికి మన దేశం వాళ్ళవి రెండే ఇళ్ళు. ఆరేళ్ళుగా అక్కడ ఉన్నా, మమ్మల్ని భోజనానికి పిలిచినవాళ్ళు ఒక్కరూ లేరు.

కొత్త కోచ్‌కి అది రెండో సీజన్. మొదటి ఏడు 6 ఆటలు గెలిచాడు, రెండో ఏడు 8. మార్చి మొదటి వారంలో, కాలేజీకి బాగా విరాళాలిచ్చే ఒక పెద్దాయన మమ్మల్ని ఇంటికి భోజనానికి పిలిచాడు. మీ పెద్దమ్మ పట్టుచీర కట్టుకుంది. భోజనం అయ్యాక ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, నువ్వు మావాడివి అన్నాడు. కోచ్ గురించి ఒక్క మాటే అన్నాడు, ఈ అవమానం ఇంకో ఏడాది భరించలేమని. సిరీ, ఆ చెయ్యి బరువు నాకు ఇప్పటికీ తెలుస్తూనే ఉంటుంది.

వారం తర్వాత మీటింగ్. ఏడుగురం. ముగ్గురు ఉంచుదామన్నారు, ముగ్గురు తీసేద్దామన్నారు. తీసేద్దామని నేను చెయ్యెత్తాను.

ఆ జట్టులో ఒక కుర్రాడు నా క్యాలిక్యులస్ క్లాసులో ఉండేవాడు. ఫెయిలయ్యేలా ఉన్నాడు. ప్రతి మంగళవారం సాయంత్రం నాలుగింటికి కోచే వాణ్ణి నా గదికి తీసుకొచ్చేవాడు. తను లోపలికి వచ్చేవాడు కాదు. బయట చెక్క బెంచీ మీద గంట సేపు కూర్చుని, వాడు బయటికొచ్చాక వెంటబెట్టుకుని ప్రాక్టీసుకి వెళ్ళేవాడు. అక్టోబరులో నూటికి 40 రాని కుర్రాడికి ఫిబ్రవరిలో 70 దాటాయి. ఇదంతా నా గుమ్మంలో జరిగింది, నా కళ్ళతో చూశాను. మీటింగ్‌లో ఒక్క ముక్క చెప్పలేదు.

గురువారం ఓటింగ్ అయింది, శుక్రవారం ఆయనకి చెప్పారు. ఆ తర్వాతి మంగళవారం నాలుగింటికి తలుపు చప్పుడైంది. కుర్రాడు లోపలికొచ్చాడు. వెనక, బెంచీ మీద, ఆయన. ఊలు టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. టోపీ మీది మంచు కరిగి ప్యాంటు తడుస్తోంది, ఆయన చూసుకోవడం లేదు. నేను ఎటు చెయ్యెత్తానో ఆయనకి తెలుసు, చిన్న ఊళ్ళో అలాంటివి దాగవు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, "శుక్రవారం పరీక్ష ఉంది. నేను లేకపోయినా వీణ్ణి రానిస్తారు కదా?" అని అడిగాడు. రానిస్తానన్నాను.

కుర్రాడు ఇంకో రెండు వారాలు వచ్చి మానేశాడు. ఆ ఎండాకాలంలో జట్టు నుంచి అయిదుగురు వెళ్ళిపోయారు, వాళ్ళలో వాడూ ఒకడు. డిగ్రీ పూర్తి చెయ్యలేదు. తర్వాత తొమ్మిదేళ్ళలో ముగ్గురు కోచ్‌లు వచ్చారు, ముగ్గురూ వెళ్ళారు. ఆయన్ని ఉంచుంటే గెలిచేవాళ్ళమని నేను చెప్పలేను, అది ఎవరూ చెప్పలేరు. నా బాధ అది కాదు. నాకు తెలిసింది నాలోనే మింగేసి, నన్ను మావాడు అన్నవాళ్ళ కోసం చెయ్యెత్తాను.

నీ తీర్మానం కింద ఆ 1,100 సంతకాలు చూడగానే నాకు ఆ చెయ్యే గుర్తొచ్చింది. అంతమంది నిన్ను మెచ్చుకుంటుంటే ఎంత బాగుంటుందో నాకు తెలుసు తల్లీ. ఆ గదిలో మన మొహం లాంటిది నీదొక్కటే ఉంటుందని కూడా తెలుసు. అందుకే భయం.

డ్యూక్ యూనివర్సిటీ సంగతి నీకు తెలిసే ఉంటుంది. 1980లో మైక్ షషెఫ్‌స్కీ అక్కడ బాస్కెట్‌బాల్ కోచ్‌గా చేరాడు. మొదటి మూడు సీజన్లు కలిపి 38 గెలుపులు, 47 ఓటములు. 1983 మార్చిలో వర్జీనియా యూనివర్సిటీ చేతిలో 109-66 స్కోరుతో ఓడిపోయారు. పూర్వ విద్యార్థులు ఆయన్ని పంపించెయ్యమని గోల పెట్టారు. టామ్ బట్టర్స్ అనే అథ్లెటిక్ డైరెక్టర్ పంపకపోగా, 1984లో కాంట్రాక్టు పొడిగించాడు. 1986లో జట్టు ఫైనల్‌కి వెళ్ళింది, మొదటి టైటిల్ 1991లో వచ్చింది. నేను చెయ్యెత్తిన ఏడాదే. ఆ ఫైనల్ టీవీలో చూస్తూ అందరూ కోచ్‌ని పొగుడుతుంటే, నేను బట్టర్స్ గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. ఆయన కూర్చున్నలాంటి కుర్చీలోనే నేనూ కూర్చున్నాను కదా.

నువ్వు ఎల్ఎస్‌యూ, అదే లూసియానా స్టేట్ యూనివర్సిటీ అమ్మాయిల జట్టు సంగతి ఎత్తుతావు. నిజమే. కిమ్ మల్కీ కోచ్‌గా వచ్చే ముందు సీజన్‌లో ఆ జట్టు 9 గెలిచి 13 ఓడింది. ఆమె మొదటి సీజన్‌లోనే 26 గెలిచారు, రెండో సీజన్‌లో, 2023లో, జాతీయ టైటిలే గెలిచారు. కాలేజీ మారినవాళ్ళు ఏడాది ఖాళీగా కూర్చోకుండా వెంటనే ఆడొచ్చని 2021లో రూల్ మార్చాక ఇలాంటివి జరుగుతున్నాయి, కాదనను. కానీ మల్కీ అప్పటికే బేలర్ యూనివర్సిటీలో కోచ్‌గా మూడు టైటిళ్ళు గెలిచి వచ్చిన మనిషి. ఆమె పేరు చూసి పిల్లలు వస్తారు. మీ కోచ్‌కి ఆ పేరు లేదు, మీ కాలేజీకి ఆ డబ్బూ లేదు. నీ తీర్మానంలో మీ కోచ్ గెలిచిన 9 ఆటలు ఉన్నాయి, ఓడిన 22 ఉన్నాయి. ఆమె వచ్చేసరికి ఏడుగురు అమ్మాయిలు పోర్టల్‌లో, అంటే కాలేజీ మారాలనుకునేవాళ్ళ జాబితాలో, పేర్లిచ్చి వెళ్ళిపోయారన్న మాట ఎక్కడా లేదు. ఆ సంగతి మీ నాన్న చెబితే తెలిసింది నాకు. తెలిసి కూడా వదిలేశావంటే తప్పు, సిరీ. ఏప్రిల్‌లో చేరిన కోచ్‌కి మంచి హైస్కూలు పిల్లలు ఎక్కడ దొరుకుతారు? చాలామంది అంతకు ముందు నవంబరులోనే ఎక్కడో ఒకచోట సంతకాలు పెట్టేసి ఉంటారు. మొదటి ఏడు ఆడింది ఆమె జట్టే కాదు.

డాన్ స్టేలీ మూడు ఒలింపిక్ బంగారు పతకాలు గెలిచిన ఆటగత్తె. 2008లో సౌత్ కరోలినా యూనివర్సిటీకి కోచ్‌గా వస్తే, మొదటి సీజన్‌లో 10 గెలిచి 18 ఓడారు, రెండోదాంట్లో 14 గెలిచి 15 ఓడారు. జాతీయ టైటిల్ కోసం ఆడే ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌కి వెళ్ళింది నాలుగో సీజన్‌లో. 2014లో ఆ ఊరి పిల్ల, హైస్కూల్లోనే పేరు మోసిన ఆటగత్తె ఏజా విల్సన్ ఇంకెక్కడికీ పోకుండా ఇంటి దగ్గరున్న కాలేజీకే వచ్చింది. 2017లో టైటిల్, మళ్ళీ 2022లో, 2024లో ఒక్క ఆటా ఓడకుండా ఇంకొకటి. 2010లో ఆ కాలేజీ కమిటీలో నాలాంటివాడు ఒకడు ఉండుంటే ఏమయ్యేదో అని నాకు చాలాసార్లు అనిపిస్తుంది.

మరి ఏం చూడాలి అంటావు. ఆటకి వెళ్ళు, స్కోరుబోర్డు కింద కాకుండా వాళ్ళ బెంచీ వెనక కూర్చో. 20 పాయింట్లు వెనకబడి ఉన్నప్పుడు చివరి అయిదు నిమిషాల్లో పిల్లలు డిఫెన్స్‌కి పరిగెత్తి వస్తున్నారా, నడిచి వస్తున్నారా చూడు. తప్పు చేసి బయటికొచ్చిన అమ్మాయి పక్కన ఎవరు కూర్చుంటున్నారో చూడు. నవంబరులో 30 తేడాతో ఓడిన జట్టు చేతిలోనే ఫిబ్రవరిలో 6 తేడాతో ఓడితే, అది నీ కాగితంలో ఇంకో ఓటమిగానే పడుతుంది, కానీ ఆ రెండూ ఒకటి కావు. వచ్చే ఏప్రిల్‌లో ఎంతమంది ఉండిపోతారో అన్నిటికన్నా ముఖ్యం.

ఒక్క సంగతి మాత్రం వేరు. దెబ్బ తగిలిన పిల్లని బలవంతంగా ఆడిస్తోందనో, అందరి ముందూ ఏడిపిస్తోందనో ఎవరైనా నీకు చెబితే, సీజన్ చివరిదాకా ఆగకు, ఆ రోజే లేచి మాట్లాడు. నేను ఆగమంటున్నది ఓటముల గురించి మాత్రమే.

ఇంకోటి. బయటి ఊళ్ళ ఆటలు చూడ్డానికి రాత్రిపూట ఆ మంచు రోడ్ల మీద కారులో బయల్దేరకండి. కనపడని ఐసు మీద బ్రేకు వేస్తే కారు మన మాట వినదు. 1988లో నాకొకసారి అయింది, కారు గుండ్రంగా తిరిగి పొలంలో ఆగింది, మీ పెద్దమ్మ పక్కనే ఉంది. తప్పదంటే మీ కాలేజీ బస్సులో వెళ్ళు. డిక్కీలో దుప్పటి ఉంచుకో. మీ నాన్నకి కూడా చెప్పాను, నవ్వాడు. నువ్వు నవ్వకు.

నీ మీటింగ్ జనవరి 14న అని విన్నాను. ఈలోపు ఒక మంగళవారం వాళ్ళ ప్రాక్టీసుకి వెళ్ళి, రెండు గంటలు పైమెట్ల మీద కూర్చుని రా. తీర్మానం ఉంచుతావో చింపేస్తావో నీ ఇష్టం, ఆ కుర్చీ నీది. ప్రాక్టీసు నుంచి రాగానే, ఎంత రాత్రయినా సరే, నాకు ఫోన్ చేసి ఏం చూశావో మొత్తం చెప్పు. మీ పెద్దమ్మ గోంగూర పచ్చడి సీసా కట్టి పెట్టింది, గురువారం పోస్టులో వేస్తాను.

మీ పెద్దనాన్న