శనివారం సైకిల్ క్లాసుకు వాలంటీర్‌గా వెళ్లొచ్చా?

సందేహం: ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఎంఎస్సీ చదువుతున్నాను. దగ్గర్లోని కమ్యూనిటీ సెంటర్‌లో శనివారాలు పిల్లలకు సైకిల్ తొక్కడం, రిపేర్ చేసుకోవడం నేర్పుతున్నారు. ఊళ్లో మా నాన్నకు సైకిల్ షాపు ఉండేది. పంచర్లు నేనే వేసేవాణ్ని. స్టూడెంట్ వీసా మీద వాలంటీర్‌గా వెళ్తే ఇబ్బందా?

వెళ్లండి. వీసా సంగతి మాత్రం ముందే తేల్చుకోండి. డిగ్రీ, పీజీ వాళ్లకు టర్మ్‌లో వారానికి 20 గంటలే పని. జీతం లేకపోతే ఆ లెక్కలోకి రాదనుకుంటారు మనవాళ్లు. అది సగమే నిజం. వీలైనప్పుడు వెళ్లి చేయి సాయం చేస్తే వాలంటీరింగ్, 20లో కలవదు. ఫలానా గంటలు తప్పకుండా రావాలని ఒప్పందం రాయించుకుని ఉద్యోగి చేసే పని చేయిస్తే వాలంటరీ వర్క్. పైసా ఇవ్వకపోయినా కలుస్తుంది. సంతకం పెట్టేముందు ఆ కాగితం మీ యూనివర్సిటీ వీసా సలహాదారులకు చూపించండి.

పిల్లలతో పని కాబట్టి డీబీఎస్ చెక్ అడగొచ్చు. అంటే మన మీద పాత కేసులేమైనా ఉన్నాయా అని డీబీఎస్ అనే ప్రభుత్వ సంస్థ చేసే తనిఖీ. అప్లికేషన్ నిర్వాహకులే పెట్టిస్తారు. వాలంటీర్లకు డీబీఎస్ ఫీజు తీసుకోదు. మనల్ని అనుమానిస్తున్నారని టెన్షన్ పడకండి, అందరికీ ఇదే.

అసలు కష్టం మన అలవాట్లతో. మొదటి శనివారం నేను ఒక బాబు సీటు వెనక పట్టుకుని పరిగెత్తాను, మా బాబాయి నాకు నేర్పినట్టే. ఆపి పక్కకు పిలిచారు. అడగకుండా పిల్లల్ని పట్టుకోకూడదు, గదిలో ఒక్కరితో ఒంటరిగా ఉండకూడదు, ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకోకూడదు. ఫొటో తీసి మా ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టబోయాను కూడా. అదీ కుదరదు.

ఇక్కడ పట్టుకుని పరిగెత్తే పద్ధతే లేదు. పెడల్స్ ఊడదీసి, పాదాలు నేలకు ఆనేలా సీటు దించుతారు. కాళ్లతో నెట్టుకుంటూ పోతుంటే బ్యాలెన్స్ దానంతటదే వస్తుంది. ఆ తర్వాతే పెడల్స్. ఎడమ పెడల్‌కు మర ఉల్టా ఉంటుందన్నది మీకు చెప్పక్కర్లేదు. నాకు తెలియక పది నిమిషాలు బిగించాను, విప్పుతున్నాననుకుని!

రోడ్డు మీద శిక్షణ మీ పని కాదు. దానికి స్కూళ్లలో బైకెబిలిటీ అనే సైకిల్ శిక్షణ ఉంది, లెవల్ 2లో రోడ్డెక్కిస్తారు. శిక్షణ పొందిన ఇన్‌స్ట్రక్టర్లే నేర్పుతారు.

రిపేర్ బల్ల దగ్గర మీకు తిరుగుండదు. ట్యూబును నీళ్లలో ముంచి బుడగలు చూడటం, గరుకు కాగితంతో రుద్దడం, సొల్యూషన్ ఆరేదాకా ఆగడం, అంతా మన షాపుల్లోలాగే. వాల్వులే వేరు. మన వాల్వ్ ట్యూబు రకం ఇక్కడ అరుదు. కారు టైర్లకుండే ష్రేడర్, సన్నటి ప్రెస్టా ఎక్కువ. ప్రెస్టాకు కొననున్న చిన్న నట్టు వదులు చేస్తేనే గాలి ఎక్కుతుంది. ఎంత కొట్టాలో టైరు పక్కనే అచ్చు వేసుంటుంది.

ఒక్క మాట. మీరు పంచర్ ఐదు నిమిషాల్లో వేసేస్తారు, పదేళ్ల పిల్లకు అరగంట పడుతుంది. చేతులు కట్టుకుని నిలబడండి. టైర్ లివర్ ఆమె చేతిలోనే ఉండాలి. నాకిప్పటికీ అదే కష్టం.

పాత ప్యాంటు వేసుకెళ్లండి. చెయిన్ మడ్డి మరక ఎంత ఉతికినా పోదు.