రాయగడలో ఉన్న తమ్ముడి కొడుక్కి, 24 పదాల గురించి

పర్లాకిమిడి

చిరంజీవి నాయనకు పెదనాన్న ఆశీర్వదించి రాయునది. ఉభయకుశలోపరి.

ఎక్స్ఛేంజ్‌లో, అంటే కొని అమ్మే వెబ్‌సైటు ఖాతాలో, ఉన్న బిట్‌కాయిన్ అనే డిజిటల్ డబ్బును హార్డ్‌వేర్ వాలెట్ అనే చిన్న పరికరంలోకి మార్చుకుంటానని నువ్వు ఫోనులో చెప్పావు. 2024 జులైలో వజీర్‌ఎక్స్ అనే మన దేశపు ఎక్స్ఛేంజ్ నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన సొత్తు దొంగల పాలై, ఖాతాదారుల డబ్బు నెలల తరబడి చిక్కుకుపోవడం చూశాక ఆ ఆలోచన రావడం సబబే. అయితే ఎక్స్ఛేంజ్ నుంచి బయటికి తెచ్చుకున్న రోజు నుంచి కాపలా బాధ్యతంతా నీదే అవుతుంది. పొరపాటు జరిగితే మొర పెట్టుకోవడానికి బ్యాంకు మేనేజరు లాంటివారు ఎవరూ ఉండరు.

నువ్వు ముందుగా తెలుసుకోవలసినది, బిట్‌కాయిన్ ఆ పరికరంలో ఉండదని. అది బ్లాక్‌చెయిన్ అనే అందరి ఎదుటా ఉన్న లెక్కల పుస్తకంలో ఉంటుంది; దాన్ని కదిలించే తాళంచెవి మాత్రమే పరికరంలో ఉంటుంది, ఆ తాళంచెవికి మూలం మొదటిసారి అమర్చేటప్పుడు తెర మీద కనిపించే, సాధారణంగా 12 లేదా 24 ఇంగ్లీషు పదాలు. పరికరం పోయినా, పాడైనా మరొకటి కొని ఆ పదాలు ఎక్కిస్తే సొత్తంతా తిరిగి వస్తుంది. అదే పదాలు పరాయివాడి కంటపడితే, పరికరం నీ బీరువాలో భద్రంగా ఉండగానే సొత్తు వెళ్ళిపోతుంది. అందుకే నా జాగ్రత్తలు ఎక్కువగా ఆ పదాల గురించే.

ఈ పరికరాల్లో పేరున్న ట్రెజర్ కొన్నా, లెడ్జర్ కొన్నా నేరుగా తయారీ సంస్థ నుంచి గానీ, ఆ సంస్థ తన వెబ్‌సైట్‌లో పేర్కొన్న విక్రేత నుంచి గానీ కొను. ఎవరో వాడి అమ్ముతున్నది ఎంత చవకగా వచ్చినా వద్దు. పెట్టెలో ముందే పదాలు రాసి ఉన్న కార్డు కనిపిస్తే అది మోసమే. ఆ పదాలు నీ కళ్ళ ముందు, పరికరం తెర మీదే పుట్టాలి. 2020లో లెడ్జర్ కొనుగోలుదారుల్లో సుమారు 2.7 లక్షల మంది పేర్లు, చిరునామాలు బయటపడ్డాయి. మరుసటి ఏడాది వారిలో కొందరి ఇళ్ళకు నకిలీ పరికరాలే పోస్టులో వచ్చాయి. నువ్వు అడగకుండా వచ్చిన పార్సిల్‌ను కంప్యూటరుకు తగిలించకు.

అమర్చేటప్పుడు తలుపు వేసుకుని ఒక్కడివే కూర్చో, ఫోను పక్క గదిలో పెట్టు. మొబైలు షాపు అబ్బాయి ఎంత మంచివాడైనా అతని చేత ఈ పని చేయించకు. పదాలను ఫోటో తీయకు, వాట్సాప్‌లో నీకు నువ్వే కూడా పంపుకోకు, కంప్యూటరులో టైపు చేయకు. కంపెనీ మనిషినంటూ వాటిని అడిగేవాడు ఎవడైనా దొంగే. రాసేటప్పుడు ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో, వరస సంఖ్యలతో రాయి. తెలుగులోనో ఒడియాలోనో పలుకుబడిని బట్టి రాసుకుంటే స్పెల్లింగు పోతుంది, పరికరం మాత్రం స్పెల్లింగునే అడుగుతుంది.

ఇక్కడ నాకు జరిగింది చెప్పాలి. నేను నా పదాలను జెల్ పెన్నుతో ఒక నోటుపుస్తకంలో రాసి బీరువా కింది అరలో పెట్టాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మన గజపతి జిల్లాను ముంచెత్తినప్పుడు ఇంట్లోకి నీళ్ళు వచ్చాయి. పుస్తకం ఆరబెట్టి చూస్తే 24 పదాల్లో తొమ్మిది చదవడానికి లేకుండా కరిగిపోయాయి. పరికరం పై అరలో రేకు డబ్బాలో ఉండడం, పిన్ నాకు గుర్తుండడం వల్ల కొత్త పదాలతో మరో వాలెట్ అమర్చి సొత్తును దానిలోకి మార్చగలిగాను. అది కూడా తడిసి ఉంటే నా దగ్గర ఏమీ మిగిలేది కాదు. ఆ నాలుగు రోజులు నాకు నిద్ర లేదు.

కాబట్టి కాగితంతో సరిపెట్టకుండా స్టీలు పలక మీద అక్షరాల పంచ్‌లతో, సుత్తితో నువ్వే కొట్టుకో. పరికరం ఈ పదాలను సాధారణంగా ఏరుకునే జాబితాలోని 2048 పదాల్లో ఏ రెండింటికీ మొదటి నాలుగు అక్షరాలు ఒకేలా ఉండవు, అందువల్ల ఒక్కో పదానికి నాలుగేసి అక్షరాలు కొడితే చాలు. గిన్నెల మీద పేర్లు కొట్టే మనిషికి మాత్రం ఈ పని అప్పగించకు. పలకను బ్యాంకు లాకరులోనో, మీ నాన్న దగ్గరో ఉంచు. పరికరం ఉన్న ఇంట్లో వద్దు.

తరవాత కొద్ది మొత్తం, వెయ్యి రూపాయల విలువైనంత మాత్రమే, దానిలోకి పంపు. అది చేరాక పరికరాన్ని పూర్తిగా చెరిపేసి, పలక చూసి పదాలు మళ్ళీ ఎక్కించు. ఆ వెయ్యి రూపాయలు తిరిగి కనిపిస్తేనే నీ పలక సరైనదని తేలినట్టు. అంతవరకూ మిగతాది కదపకు. చాలామంది ఈ ఒక్క పరీక్షనే వదిలేస్తారు, నువ్వు వదలకు. పంపే ప్రతిసారీ, బిట్‌కాయిన్ చేరాల్సిన వాలెట్ చిరునామాను, అంటే ఆ పొడవాటి అక్షరాల, అంకెల వరసను, కంప్యూటరు తెర మీద కాక పరికరం తెర మీద మొదటి నుంచి చివరి దాకా సరిచూడు, ఎందుకంటే కాపీ చేసిన చిరునామాను మార్చేసే వైరస్‌లు ఉన్నాయి.

పిన్ తప్పుగా మూడుసార్లు కొడితే లెడ్జర్ తనను తాను చెరిపేసుకుంటుంది, ట్రెజర్ అయితే ఇంకొన్ని ఎక్కువ తప్పుల వరకు ఆగుతుంది. పదాలు ఉన్నంతవరకూ దానికి భయపడనక్కరలేదు. పదాలకు అదనంగా పెట్టుకునే పాస్‌ఫ్రేజ్ అనే సొంత రహస్య మాట జోలికి ఇప్పుడే వెళ్ళకు. దాన్ని ఒక్క అక్షరం తప్పుగా కొట్టినా పరికరం తప్పని చెప్పదు, ఖాళీగా ఉన్న వేరే వాలెట్‌ను తెరిచి చూపిస్తుంది. కొన్న ధరల లెక్క మాత్రం దాచుకో. 2022 ఏప్రిల్ 1 నుంచి బిట్‌కాయిన్ అమ్మితే వచ్చే లాభం మీద 30 శాతం పన్ను ఉంది, కొన్న ధర తప్ప వేరే ఖర్చు తీసివేయనివ్వరు.

కోడలికి పలక ఎక్కడ ఉందో, అది దేనికో చెప్పు. ఆమె ఒడియా మీడియంలో చదువుకుంది కనుక, ఏం చేయాలో ఒక పేజీ ఒడియాలో రాసి పలకకు దూరంగా వేరే చోట ఉంచు. పదాలు ఆ పేజీలో ఉండకూడదు. నీకేమైనా అయితే ఆ పేజీ లేకుండా పలక ఆమెకు ఉత్త ఇనుపముక్కే.

పరికరం వచ్చినా తొందరపడి తెరవకు. దసరాకి నువ్వు ఇక్కడికి వచ్చినప్పుడు నా పంచ్‌ల పెట్టె, ఒక ఖాళీ పలక ఇస్తాను, ఇంటికి తీసుకువెళ్ళి కొట్టుకుందువుగాని.

ఇట్లు,
మీ పెదనాన్న