ఫోన్ మార్చను, లెక్క మార్చు

చిట్టీ,

నిన్న రాత్రి నువ్వు పంపిన గేమ్ నా పాత ఫోన్‌లో ఆడి చూశాను. మొదటి లెవెల్ బాగానే సాగింది. రెండోదాంట్లో పదిమంది రాక్షసులు ఒకేసారి దిగేసరికి ఎడ్లబండి అయిపోయింది. "ఫోన్ మార్చు మామయ్యా" అన్నావు. మార్చను. నీ గేమ్ ఆడబోయేవాళ్లలో చాలామంది దగ్గర ఇలాంటివే ఉంటాయి.

నేను ఇరవై ఏళ్లు కరెంటు మీటర్లలోని చిన్న చిప్‌లకి ప్రోగ్రాములు రాశాను కదా. ఒకసారి మెమరీ ఎంతుందో చూసుకోకుండా రాసేసి, చివరి వారమంతా నిద్ర మానుకుని ఒక్కో లైనూ కత్తిరిస్తూ కూర్చున్నాను. అందుకే చెబుతున్నా, చోటెంతో ముందే కాగితం మీద రాసుకో.

1977లో వచ్చిన అటారీ 2600 అనే, టీవీకి తగిలించి ఆడుకునే గేమ్ పెట్టెలో ర్యామ్, అంటే ఆట నడిచేటప్పుడు వాడుకునే మెమరీ, 128 బైట్లు. కిలోబైట్లు కాదు. ఈ ఉత్తరంలో మొదటి వాక్యం కూడా అందులో పట్టదు! బొమ్మ మొత్తాన్ని దాచుకునే చోటే లేదు కాబట్టి టీవీ ఒక్కో గీత గీస్తుంటే, ఆ గీతలో ఏముండాలో ప్రోగ్రాము అప్పటికప్పుడు అందించాలి. గీతకి దక్కే సమయం ప్రాసెసర్ లెక్కలో 76 సైకిళ్లు, అంటే దాని గడియారం 76 సార్లు టిక్కుమనేంత.

అలాంటి పెట్టె మీద 1982లో డేవిడ్ క్రేన్ 'పిట్‌ఫాల్' చేశాడు. అడవిలో 255 దృశ్యాలు, గేమ్ మొత్తం పట్టాల్సిన కార్ట్రిడ్జ్ (పెట్టెలో గుచ్చే డబ్బా) 4 కిలోబైట్లు. దృశ్యానికి 16 బైట్ల చొప్పున ఇచ్చినా కార్ట్రిడ్జ్ నిండిపోతుంది, ఇక ప్రోగ్రాముకి చోటేదీ? ఆయన దృశ్యాలు దాచనేలేదు. ఒక్క బైట్, అంటే సున్నా లేదా ఒకటిగా ఉండే ఎనిమిది బిట్లు, పెట్టుకున్నాడు. అందులో కొన్ని బిట్లు చెట్ల వరసని, కొన్ని గుంట రకాన్ని, కొన్ని ఎదురయ్యే వస్తువుని చెబుతాయి. కుడివైపు దృశ్యంలోకి వెళితే బిట్లన్నీ ఒక స్థానం జరుగుతాయి. ఖాళీ అయిన చోట, పాత బిట్లలో కొన్నిటిని కలిపి లెక్కగట్టిన కొత్త బిట్ కూర్చుంటుంది. అలా సున్నా తప్ప మిగతా 255 సంఖ్యలూ ఒక్కోసారి వచ్చి మళ్లీ మొదటికి చేరతాయి. నాకు ముచ్చటేసేది ఏంటంటే, ఎడమకి తిరిగితే అదే లెక్క వెనక్కి నడుస్తుంది. ఇందాక దాటొచ్చిన గుంట అక్కడే ఉంటుంది. ఊరికే పాచికలు వేసినట్టు అడవిని పుట్టిస్తే ఆ నమ్మకం ఉండేది కాదు.

నీ గుహల లెవెల్‌కి ఇదే చెయ్యి. మ్యాపులన్నీ ఫైళ్లుగా మోయకు, ఒక అంకె నుంచి పుట్టించు. కాకపోతే పుట్టినవన్నీ నువ్వే ఆడి చూడాలి. ఆ బద్ధకం పనికిరాదు.

బొమ్మల సంగతి చిన్నదే. 1985 నాటి 'సూపర్ మారియో బ్రదర్స్' మొత్తం 40 కిలోబైట్లు. మీ అత్తయ్య రోజూ పొద్దున్నే వాట్సాప్‌లో పంపే గులాబీ పువ్వు అంతకంటే పెద్దది. ఆ మారియో గేమ్‌లో ఆకాశంలోని మబ్బు, నేల మీది పొద ఒకటే బొమ్మ, రంగు మాత్రమే వేరు. నీ పదిమంది రాక్షసులకి పది బొమ్మలెందుకు?

అసలు జబ్బు అది కూడా కాదులే. నీ కోడ్ చదివాను. పదిమందీ ప్రతి ఫ్రేమ్‌లోనూ, అంటే తెర మీద బొమ్మ మారిన ప్రతిసారీ, కొత్తగా దారి వెతుక్కుంటున్నారు. 1978లో జపాన్‌లో తోమోహిరో నిషికాడో చేసిన 'స్పేస్ ఇన్వేడర్స్'లో 55 మంది శత్రువులుంటారు. ఫ్రేమ్‌కి ఒక్కరే కదులుతారు, అందరి వంతూ అయ్యేసరికి దాదాపు ఒక సెకను. మనం చంపేకొద్దీ వంతులు తగ్గి, మిగిలినవాళ్లు జోరందుకుంటారు. ఆఖరివాడు పరుగే పరుగు. ఆ వేగాన్ని ఆయన సరిచేయకుండా ఉంచేశాడు, ఆటలో టెన్షనంతా అదే. నువ్వూ వంతులు పెట్టు. ఈ ఫ్రేమ్‌లో ఒకడు దారి వెతికితే చాలు, మిగతావాళ్లు పాత దారినే నడుస్తారు. ఆడేవాళ్లకి తేడా తెలియదు.

దసరాకి వస్తున్నాను, ఈ ఫోనే తెస్తాను. రెండో లెవెల్ దాటించే పూచీ నీది.

మామయ్య